వేదికపై పొదుపు మాట, ఖాతాలో రైతు సాయం

విభాగం: సరిహద్దు ఊళ్లు / వ్యవసాయం, పంచాయతీ

వంశధార_గట్టు | గుణుపురం | శనివారం రాత్రి 9:10

మొన్న సంతరోజున మా ఊరి చావడి దగ్గర చిన్న సమావేశం జరిగింది. మాట్లాడిన నాయకుడు చాలా ఏళ్లుగా పంచాయతీ సమితి రాజకీయాల్లో ఉన్నవారు. ఆయన భూమి పల్లంలోనూ మెట్టలోనూ కలిపి నలభై ఎకరాల పైమాటే. ఆయన చెప్పింది ఇది: ఉచిత బియ్యం జనాన్ని సోమరులను చేసింది, ఉపాధి పనులకు పెట్టిన డబ్బు గోతిలో పోసినట్టే, ఇలా పంచుకుంటూ పోతే ఖజానా మిగలదు, ప్రభుత్వ ఖర్చుకు కళ్లెం వేసేవాళ్లకే పంచాయతీ ఎన్నికల్లో ఓటు వేయండి.

నా ముందు వరుసలో ఒకామె రేషన్ దుకాణం నుంచి నేరుగా వచ్చి కూర్చుంది. బియ్యం సంచి ఒళ్లో ఉంది. సోమరులన్న మాట వినపడగానే ఆ సంచిని మెల్లగా కిందికి దించి వెనక్కి జరుపుకుంది. ఆమె నాట్లకు వెళ్తుంది, కోతలకు వెళ్తుంది, పత్తి తీయడానికి వెళ్తుంది. మా వీధిలో ఆమెకన్నా ముందు లేచేవాళ్లు లేరు.

ఇంటికి వచ్చాక పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో మా ఊరి లబ్ధిదారుల జాబితా తెరిచాను. రాష్ట్రం, జిల్లా, బ్లాకు, గ్రామం ఎంచుకుంటే ఎవరికైనా కనిపిస్తుంది. నాయకుడి పేరు ఉంది. వేరు కాపురాలు పెట్టిన ఇద్దరు కొడుకుల పేర్లూ ఉన్నాయి. ఆమె పేరు లేదు. ఆమెకు భూమి లేదు కాబట్టి ఉండదు కూడా.

ఆయన దొంగతనం చేశారని నేను అనడం లేదు. తన ఖాతాలో ప్రభుత్వ సొమ్ము పడుతుండగా మరొకరి సంచిలోని గింజలను దండగ అనడానికి నోరు ఎలా వచ్చిందన్నదే నా బాధ. ఆయన్ని ఏమని అడగాలి? ఎక్కడ అడగాలి? తెలిసినవారు చెప్పండి.


బరంపురం_లెక్కలు | బరంపురం | శనివారం రాత్రి 10:32

ముందు నిబంధనలు తెలుసుకుని మాట్లాడుకుందాం, లేకపోతే అవతలివారు ఒక్క మాటతో మన నోరు మూయిస్తారు.

పీఎం కిసాన్‌ను 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. మొదట రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్నవారికే అన్నారు. అదే ఏడాది ఎన్నికలు అయ్యాక ఆ హద్దు తీసేశారు. నలభై ఎకరాల ఆసామి లోపలికి వచ్చింది ఆ దారినే.

ఎవరికి ఇవ్వకూడదో కూడా రాశారు. ప్రస్తుత, మాజీ మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, నగర మేయర్లు, జిల్లా పరిషత్తు అధ్యక్షులు అనర్హులు. సర్పంచి, సమితి సభ్యుడు ఆ జాబితాలో లేరు. కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. కొడుక్కి పెళ్లయి, 2019 ఫిబ్రవరి 1 నాటికి తన పేరున పట్టా ఉంటే అది వేరే కుటుంబం. కాబట్టి గుణుపురం మాస్టారు చెప్పిన మూడు పేర్లూ నిబంధనల ప్రకారం సరైనవే కావచ్చు.

ఇక అసలు మెలిక చెప్తాను. గత ఏడాది ఆదాయపు పన్ను కట్టినవారికి ఈ సాయం రాదు. వినడానికి న్యాయంగా ఉంది. కానీ ఆదాయపు పన్ను చట్టం ప్రకారం వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు. బరంపురంలో చిన్న సంస్థలో గుమాస్తాగా ఉంటూ పన్ను కట్టే మనిషికి, ఊళ్లో ఎకరం ఉన్నా సాయం రాదు. నలభై ఎకరాల మీద లక్షలు తీసే ఆసామి పన్ను కట్టనక్కరలేదు, కనుక సాయానికి అర్హుడు. ఒక మినహాయింపు రెండో సాయానికి తలుపు తెరుస్తోంది. పెద్ద కమతాల మీద పన్ను వేయాలని కె.ఎన్. రాజ్ కమిటీ 1972లోనే చెప్పింది. వ్యవసాయ ఆదాయంపై పన్ను రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల అధికారం. పెద్ద ఆసాములు నిండిన శాసనసభల్లో దాన్ని ముట్టుకునేవాళ్లు అరుదు.


పొదుపే_మార్గం | జయపురం | ఆదివారం ఉదయం 7:05

అందరూ ఒకే వైపు నిలబడే ముందు నా మాట కూడా వినండి. నేను ప్రభుత్వ ఖర్చు తగ్గాలని నమ్మేవాణ్ణి. ఈ నమ్మకం ఎవరి కోసమో పెట్టుకున్నది కాదు. మా నాన్నగారు అప్పు చేసి దర్జా చూపించిన పెద్ద కుటుంబం కూలిపోవడం కళ్లారా చూశారు. రాష్ట్రమూ అంతే, ఈరోజు పంచిన డబ్బు రేపటి పిల్లల మీద అప్పు.

చట్టం ఇచ్చినదాన్ని తీసుకోవడం తప్పు కాదు. రోడ్డు వేయడం దండగ అన్నవాడు రోడ్డు మీద నడవకూడదా? అందరి నుంచీ పన్ను తీసుకుని అందరికీ ఇస్తున్నప్పుడు నేనొక్కణ్ణే వదులుకుంటే ఖజానాకు ఒరిగేది లేదు. పథకమే వద్దని వాదిస్తూ, పథకం ఉన్నంత కాలం నా వాటా తీసుకోవడంలో వైరుధ్యం లేదు.

న్యూజిలాండ్ 1984లో వ్యవసాయ సబ్సిడీలను దాదాపు అన్నీ ఎత్తేసింది. పదిలో ఒకరు వ్యవసాయం వదిలేస్తారని భయపడ్డారు. నిజానికి వెళ్లిపోయినవారు నూటికి ఒకరు. మిగిలినవారు నిలదొక్కుకున్నారు. ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు?


కాశీనగరం_సాగు | కాశీనగరం | ఆదివారం ఉదయం 8:40

జయపురం అన్నగారూ, మీరు మర్యాదగా రాశారు, నేనూ అలాగే రాస్తాను.

నాకు సొంత భూమి అరెకరం. ఐదు ఎకరాలు పాలుకు చేస్తాను. ఒడియాలో మమ్మల్ని భాగచాషి అంటారు. విత్తనం నాది, ఎరువు నాది, కలుపు నాది, వాన రాకపోతే నష్టం నాది. గుర్తింపు కాగితం మాత్రం నాది కాదు. ఒడిశా భూసంస్కరణల చట్టం 1960 నాటిది, అందులో కొన్ని మినహాయింపులు తప్ప కౌలుకు ఇవ్వడమే నిషిద్ధం. మంచి ఉద్దేశంతో పెట్టారు. జరిగింది ఏమిటంటే కౌలు ఆగలేదు, కాగితం ఆగిపోయింది. అంతా నోటి మాట.

2024-25 ఖరీఫ్‌లో కేంద్రం ఇచ్చే మద్దతు ధర 2,300 రూపాయల మీద మన రాష్ట్ర ప్రభుత్వం 800 కలిపి క్వింటాలు ధాన్యానికి 3,100 చేసింది. ఊరంతా సంతోషించింది. ఆ 800 పేరే పెట్టుబడి సాయం. పెట్టుబడి పెట్టింది నేను. భూయజమాని సమ్మతి పత్రం మీద సంతకం చేస్తే భాగచాషి కూడా ప్రభుత్వం ధాన్యం కొనే మండిలో పేరు నమోదు చేసుకోవచ్చు. నేను రెండుసార్లు అడిగాను. "సంతకం పెడితే రేపు భూమి నీదంటావు" అని ఆయన ఒప్పుకోలేదు. ధాన్యం ఆయన టోకెను మీద వెళ్లింది, డబ్బు ఆయన ఖాతాలో పడింది. నా వంతు లెక్క చూసేటప్పుడు పాత ధర ప్రకారమే ఇచ్చారు. 800 గురించి అడిగితే, అది ప్రభుత్వం భూమి ఉన్న రైతుకు ఇచ్చింది అన్నారు.

మండిలో కటనీ ఛటనీ కింద క్వింటాలుకు కొన్ని కిలోలు కోస్తారు. ఆ కోత మాత్రం నా వంతులోనే పడింది.

రోడ్డు మీద అందరూ నడుస్తారు అన్నారు. నిజమే. కానీ ఈ రోడ్డు మీద నన్ను నడవనివ్వలేదు, దాన్ని వేసిన కూలీలలో నేనూ ఉన్నాను.


వంశధార_గట్టు | గుణుపురం | ఆదివారం ఉదయం 9:15

తమ్ముడూ, నీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. క్వింటాలుకు 800 చొప్పున వంద క్వింటాళ్లు అమ్మితే 80,000 రూపాయలు. మా నాయకుడి పొలమూ పాలుకు చేసేవాళ్ల చేతిలోనే ఉంది. నేను 6,000 దగ్గరే ఆగిపోయాను, అసలు మొత్తం ఇక్కడ ఉందని ఇప్పుడు అర్థమైంది.


అట్లాంటిక్_అవతల | సొంతూరు పర్లాకిమిడి, ఉండేది అమెరికాలో | ఆదివారం రాత్రి 11:48

ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఈ చర్చ చదువుతుంటే నేను ఉండే దేశంలో జరిగిన సంగతే గుర్తుకొచ్చింది. మనకు పనికొస్తుందేమో అని రాస్తున్నాను.

అమెరికాలో వ్యవసాయ సబ్సిడీలూ, పేదల ఆహార సాయమూ ఒకే చట్టంలో ఉంటాయి. దాన్ని ఫార్మ్ బిల్లు అంటారు. 1973 నుంచి ఆహార సాయాన్ని అందులో కలిపారు. పల్లె ప్రాంతాల సభ్యులు, నగరాల సభ్యులు కలిసి ఓటు వేస్తేనే బిల్లు గట్టెక్కుతుందన్న లెక్క దాని వెనుక ఉంది.

2013లో ఆ బిల్లు చర్చకు వచ్చినప్పుడు పేదల ఆహార సాయంలో పదేళ్లకు సుమారు 2,000 కోట్ల డాలర్ల కోత పెట్టాలని ప్రతిపాదించారు. టెనెస్సీ రాష్ట్రానికి చెందిన స్టీఫెన్ ఫించర్ అనే ప్రతినిధుల సభ సభ్యుడు కోతను సమర్థిస్తూ, పని చేయనివాడు తినకూడదన్న బైబిలు వాక్యాన్ని చదివారు. ఆయన పెద్ద పత్తి రైతు. ఎన్విరాన్మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ప్రభుత్వ రికార్డుల నుంచి సబ్సిడీల జాబితా తయారుచేసి అందరికీ కనపడేలా పెట్టింది. 1999 నుంచి 2012 వరకు ఆయనకు వచ్చిన వ్యవసాయ సబ్సిడీ దాదాపు 35 లక్షల డాలర్లు అని అందులో తేలింది. 2012 ఒక్క ఏడాదిలోనే 70,000 డాలర్ల పైన. అది నేరుగా ఇచ్చే చెల్లింపు. అప్పటి నిబంధన ప్రకారం ఆ ఏడాది పంట వేసినా వేయకపోయినా ఆ డబ్బు వచ్చేది. పని చేస్తేనే తిండి అన్న షరతు దానికి లేదు.

ఈ నేరు చెల్లింపుల పద్ధతిని 2014 ఫార్మ్ బిల్లుతో ఎత్తేశారు. ఆ స్థానంలో పంట బీమాను పెంచారు. బీమా ప్రీమియంలో పెద్ద వాటా ప్రభుత్వమే కడుతుంది, కానీ అది ఎవరి చేతికీ చెక్కుగా రాదు కాబట్టి ఎవరికెంత అందిందో బయటివాళ్లు తెలుసుకోవడం కష్టమైపోయింది.

నేను చెప్పదలచింది ఒకటే. అక్కడ మాట మారడానికి ఆగ్రహం ఒక్కటే చాలలేదు. పేరు, ఏడాది, మొత్తం ఉన్న జాబితా కావాల్సి వచ్చింది. మాస్టారు తెరిచిన జాబితా అలాంటిదే. దాని విలువ తక్కువ అనుకోకండి.


సంఘం_అక్క | రాయగడ | సోమవారం మధ్యాహ్నం 2:20

మగవాళ్లు లెక్కలన్నీ చెప్పారు. నేను స్వయం సహాయక సంఘంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను, నాకు కనిపించేది చెప్తాను.

పేదవాళ్లకు వచ్చే సాయానికి వరుస ఉంటుంది. వేలిముద్ర ఉంటుంది. పత్తి ముళ్లకు, గడ్డి కోతకు అరిగిపోయిన వేళ్లు యంత్రానికి దొరకవు, మళ్లీ మళ్లీ ఒత్తమంటారు. వెనక పదిమంది చూస్తుంటారు. మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం కోసం అంత జరుగుతుంది. ఉపాధి పని అయితే ఎండలో తట్ట మోసి హాజరు వేయించుకోవాలి, ఆ తరువాత కూలి డబ్బు కోసం బ్యాంకు మిత్ర చుట్టూ తిరగాలి.

పెద్ద రైతుకు వచ్చే సాయానికి వరుస లేదు. యూరియా బస్తా సంగతి చూడండి. 45 కిలోల బస్తా మనం కొనేది 270 రూపాయల లోపే. దాని అసలు ఖరీదు అంతకు ఎన్నో రెట్లు, తేడా అంతా ప్రభుత్వం కంపెనీకి కడుతుంది. 2022-23లో దేశం మొత్తం మీద ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. రెండు బస్తాలు కొన్నవాడికి రెండు బస్తాల సాయం, ఎనభై బస్తాలు కొన్నవాడికి ఎనభై బస్తాల సాయం. ఆ ఎనభై బస్తాల ఆసామి దుకాణంలో డబ్బు ఇచ్చి కొన్నానని అనుకుంటాడు. తనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదని నిజంగానే నమ్ముతాడు. పన్ను మినహాయింపు కూడా అంతే, రాని బిల్లు ఎవరి కంటికీ కనపడదు.

అందుకే మాస్టారి ఊరి నాయకుడు అబద్ధం ఆడారని నేను అనుకోను. ఆయనకు తను తీసుకుంటున్నది సాయంలా అనిపించదు. ఆమె సంచి మాత్రం అందరికీ కనిపిస్తుంది. ఆ సంచిని వెనక్కి జరుపుకోవాల్సిన పరిస్థితి తెచ్చినందుకు నాకు కోపంగా ఉంది. ఒడిశాలో 2008లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, 2013లో రూపాయి అయింది, ఇప్పుడు ఉచితం. అంతకు ముందు ఆకలి నెలల్లో కొండ ఊళ్లలో మామిడి టెంక పిండి జావ తాగినవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. ఆ బియ్యం సోమరితనం తెచ్చిందని వాళ్ల ముందు అనగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లింట్లో ఒక పూట కూర్చోవాలి.


పొదుపే_మార్గం | జయపురం | సోమవారం సాయంత్రం 6:55

అక్కా, మీ మాట నన్ను ఆపింది. కాశీనగరం తమ్ముడి మాట కూడా. రోడ్డు పోలిక సరిపోదని ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను. పొదుపు అన్న మాటనే తప్పుగా చూడకండి. పొదుపును నమ్మేవాడు ముందు తన వైపు నుంచి కోత మొదలుపెట్టాలి, అది నిజం. నా భూమి ఎనిమిది ఎకరాలు, నాకు పెన్షను కూడా ఉంది, నెలకు పదివేలకు పైనే. అందువల్ల పీఎం కిసాన్ నాకు వర్తించదు, నేను దరఖాస్తు చేయలేదు. అయితే యూరియా సంగతి నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. నిన్నటివరకూ ఎవరైనా అడిగితే ప్రభుత్వం నుంచి పైసా తీసుకోలేదనే చెప్పేవాణ్ణి.


అట్లాంటిక్_అవతల | పర్లాకిమిడి / అమెరికా | సోమవారం రాత్రి 11:30

జయపురం గారూ, మీలాంటి మనిషికి కూడా ఇక్కడ ఒక ఉదాహరణ ఉంది. ఐయోవా రాష్ట్రపు సెనేటర్ చక్ గ్రాస్లీ. ప్రభుత్వ ఖర్చుకు కళ్లెం వేయాలనే పార్టీలోనే ఉన్నారు. ఆయన కుటుంబ వ్యవసాయానికి సబ్సిడీలు అందాయి. కానీ ఒక్కో రైతుకు ఇచ్చే మొత్తానికి గట్టి పరిమితి పెట్టాలని ఏళ్ల తరబడి పోరాడినవారిలో ఆయన ముందున్నారు. రాజకీయంగా ఆయనతో నేను చాలా విషయాల్లో ఏకీభవించను. అయినా ఫించర్‌నూ ఆయన్నీ ఒకే గాటన కట్టలేను. ఒకరు పేదల పళ్లెం మీద కోత అడిగారు, మరొకరు తన తరగతికి వచ్చే సొమ్ముపైనే హద్దు అడిగారు.


సిరొంచ_వాసి | సిరొంచ, గడ్చిరోలి జిల్లా | మంగళవారం ఉదయం 6:30

ఒడిశా మిత్రులకు నమస్కారం. మేము మహారాష్ట్రలో తెలుగు మాట్లాడుకునేవాళ్లం, మా ఇంటి నుంచి చూస్తే గోదావరి అవతల తెలంగాణ.

మాకు పీఎం కిసాన్ 6,000 మీద రాష్ట్రం నమో శేత్కరీ పేరుతో 2023 నుంచి మరో 6,000 ఇస్తోంది. కేంద్రం జాబితాలో ఉన్నవాళ్లకే రాష్ట్ర సాయం. అంటే మొదటి జాబితాలో లేని కౌలుదారు రెండోసారి కూడా బయటే.

ఇక నది అవతల. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు మా వాళ్లు పడవ దిగి వచ్చి కథలు కథలుగా చెప్పారు. ఎకరానికి పంటకు 4,000, తరువాత 5,000. అప్పట్లో భూమికి హద్దు లేదు. యాభై ఎకరాలు ఉంటే ఏడాదికి 5,00,000 రూపాయలు. కౌలు రైతుకు ఏమీ లేదు. స్థోమత ఉన్నవారు వదులుకోండి అని ప్రభుత్వం పిలుపు ఇచ్చింది, కొందరు వదులుకున్నారు. కానీ వదులుకోవడం మనసుకు వదిలేసి, పేదవాడి రేషన్ కార్డును మాత్రం నిబంధనకు కట్టేస్తే ఎలా? పేదవాడి అర్హతను పరీక్షిస్తారు. ఈకేవైసీ పూర్తి చేయకపోతే బియ్యం ఆపేస్తారు. పెద్దవాడి విషయంలో మాత్రం మనస్సాక్షిని నమ్ముకుంటారు.

న్యూజిలాండ్ మాట వచ్చింది కాబట్టి ఒక్క వాక్యం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. వందల హెక్టార్ల గొర్రెల ఫారాలున్న దేశంతో పోల్చేటప్పుడు ఈ అంకె పక్కన పెట్టుకోవాలి.


కొఠియా_దారి | పొట్టంగి | మంగళవారం మధ్యాహ్నం 1:10

మా కొఠియా ఊళ్లు తమవంటే తమవని ఆంధ్రా, ఒడిశా రెండు ప్రభుత్వాలూ పోటీపడి ఇక్కడ పథకాలు ఇస్తాయి. రెండు వైపుల నాయకులూ ఇక్కడికి వచ్చి ఖర్చు గురించి ఒక్క మాట అనరు. ఇక్కడ వారికి కావలసింది భూమి మీద హక్కు. ఎక్కడ ఓటు, హద్దు అవసరమో అక్కడ ఖర్చు పెట్టుబడి అవుతుంది, అవసరం తీరిన చోట దండగ అవుతుంది. నేను గమనించింది ఇదే.


ఇరుదరుల_రైతు | పర్లాకిమిడి / పాతపట్నం | మంగళవారం రాత్రి 10:05

నాలుగు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించాను.

మాకు మహేంద్రతనయకు ఇటు ఏడెకరాలు, అటు పాతపట్నం వైపు నాలుగెకరాలు. ఆంధ్రాలో 2019 అక్టోబరులో రైతు భరోసా వచ్చింది, కేంద్రం డబ్బుతో కలిపి ఏడాదికి 13,500. తీసుకున్నాను. ఇటు వైపు ధాన్యం మీద 800 చొప్పున వచ్చింది. అదీ తీసుకున్నాను. నేను పొలంలో దిగి ఎనిమిదేళ్లు దాటింది. మోకాళ్లు పోయాయి. ఇటు వైపు ఏడెకరాలూ పాలుకు ఇచ్చాను.

గ్రామంలో నలుగురు కూర్చున్నప్పుడు ఉచితాల వల్ల కూలీలు దొరకడం లేదని అందరితోపాటు నేనూ అంటాను. ఎన్నోసార్లు అన్నాను. ప్రధానమంత్రి 2022 జులైలో ఉచితాల సంస్కృతి గురించి మాట్లాడినప్పుడు టీవీ ముందు చప్పట్లు కొట్టాను. అదే వారం నా ఖాతాలో ఏం పడిందో నాకు గుర్తు కూడా రాలేదు. సంఘం అక్క రాసిన మాట నా గురించే. నాకు ఎవరూ ఇచ్చినట్టు అనిపించలేదు.

కాశీనగరం తమ్ముడు చెప్పిన భూయజమాని నేను కాదు. కానీ నేను చేసింది కూడా అదే. నా దగ్గర పాలుకు చేసే మనిషి 800 గురించి ఎప్పుడూ అడగలేదు. అడిగితే భూమి పోతుందని ఆయన భయం. సంతకం పెడితే భూమి పోతుందని నా భయం. ఒకే భూమి గురించి ఇద్దరికీ భయమే.

ఈ ఉదయం ఆయన ఇంటికి వెళ్లాను. పోయిన పంట లెక్క మళ్లీ వేశాము. డెబ్బై ఆరు క్వింటాళ్లు, ఎనిమిది వందల చొప్పున 60,800. పెట్టుబడి అంతా ఆయనదే కాబట్టి మొత్తం ఆయనకే చెందాలి. ఒక్కసారి ఇవ్వలేను, మూడు విడతలుగా ఇస్తానన్నాను. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి, భూమి తీసేసుకుంటారా బాబూ, అని అడిగింది. డబ్బు ఇస్తానన్నా ఆమెకు వినపడింది అది. ఆ ప్రశ్న నుంచి నేను ఇంకా తేరుకోలేదు.


కాశీనగరం_సాగు | కాశీనగరం | మంగళవారం రాత్రి 10:40

బాబుగారూ, మా ఇంట్లో కూడా అదే అడుగుతారు. ఎవరైనా పెద్దవాళ్లు గుమ్మంలోకి వచ్చి మెత్తగా మాట్లాడితే ముందు భయమే కలుగుతుంది. మీరు వచ్చే పంటకు సమ్మతి పత్రం మీద సంతకం చేస్తే ఆమెకు నమ్మకం కుదురుతుంది. పత్రం ఆ ఒక్క సీజను అమ్మకానికే, దానివల్ల భూమి హక్కు మారదని లాంప్స్ సహకార సొసైటీలో అడిగి, ఇద్దరూ కలిసి విని రండి.


వేదిక_నిర్వాహకులు | బుధవారం ఉదయం 8:00

వంశధార_గట్టు గారి ఊరి నాయకుడి పేరు ఊహిస్తూ ఇద్దరు సభ్యులు పెట్టిన వ్యాఖ్యలు తొలగించాము. జాబితా బహిరంగమే అయినా, ఒక మనిషి పేరు, ఖాతా వివరాలు ఇక్కడ పెట్టి పదిమంది మీదపడే పరిస్థితి రాకూడదు. ఆయన్ని అడగాల్సిన చోటు ఆయన ఊరు.


బరంపురం_లెక్కలు | బరంపురం | బుధవారం ఉదయం 9:25

నిర్వాహకుల మాట సరైనది. ఆ చోటు చట్టంలోనే ఉంది, పల్లీసభ. ఒడిశాలో గ్రామసభకు ముందు ఊరి స్థాయిలో జరిగేది అదే. ఊరివాళ్లంతా సభ్యులు. పథకాల లబ్ధిదారుల జాబితాను అక్కడ చదవమని కోరవచ్చు. ఒక్కరి పేరు మాత్రమే చదవవద్దు. అన్ని పథకాల జాబితాలూ, అందరి పేర్లూ చదవండి. రేషన్ కార్డు, ఉపాధి పని, పీఎం కిసాన్, రాష్ట్రం ఇచ్చే సీఎం కిసాన్, ధాన్యం మీద ఇచ్చిన 800, అన్నీ ఒకే సభలో. అప్పుడు ఎవరికెంత అన్నది ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంకొకటి. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి శాసనసభకు, పార్లమెంటుకు పోటీ చేసేవాళ్లు ఆస్తుల ప్రమాణపత్రం ఇవ్వాలి. 2018 నుంచి ఆదాయ మార్గాలు కూడా రాయాలి. అందులో భూమి ఉంటుంది. కానీ ప్రభుత్వం నుంచి ఏ సబ్సిడీ ఎంత తీసుకున్నారన్న గడి లేదు. ఆ ఒక్క గడి చేర్చాలని అడగడం న్యాయమైన కోరిక అని నా అభిప్రాయం. ఓటు అడిగేవారు తమ లెక్క ముందు చెప్పి, తరువాత ఎవరి ఖర్చు తగ్గించాలో చెప్పాలి.


పొదుపే_మార్గం | జయపురం | బుధవారం ఉదయం 10:10

ఆ గడికి నా మద్దతు. పొదుపు కోరేవాళ్లే ముందుగా అడగాల్సింది అది. నేను యూరియా లెక్క నిన్న రాత్రి వేసుకున్నాను, రెండు పంటలకు పదహారు బస్తాలు. ఇకమీదట ప్రభుత్వం నుంచి పైసా తీసుకోలేదని అనను.


వంశధార_గట్టు | గుణుపురం | గురువారం రాత్రి 8:50

నిన్న సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. ఒంటరిగానే వెళ్లాను, నలుగురిలో నిలదీస్తే వినేది తగ్గుతుందని. మర్యాదగా కూర్చోబెట్టారు. జాబితా గురించి చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. "మాస్టారూ, అది రైతుగా నాకు వచ్చింది. నేను పండిస్తున్నాను కాబట్టి ఇస్తున్నారు" అన్నారు.

పండిస్తున్నది ఎవరు అని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, భూమి నాది కదా అన్నారు. ఆ బియ్యం సంచి ఆమె మీ పొలంలోనే పత్తి తీస్తుంది అని చెప్పాను. ఆమె ఎవరని అడిగారు. పేరు చెప్పాను. ఆయనకు తెలియదు. పదకొండేళ్లుగా ఆయన పొలానికే వెళ్తోంది.

జాబితాలన్నీ పల్లీసభలో చదవడానికి అభ్యంతరం లేదు అన్నారు. మనస్ఫూర్తిగా అన్నారో లేదో నాకు తెలియదు, కానీ అన్నారు. సర్పంచికి అర్జీ ఇవ్వాలి. చిక్కేమిటంటే అది ఒడియాలో ఉండాలి. నేను తెలుగు బడిలో చదివినవాణ్ణి, ఒడియా మాట్లాడగలను కానీ అర్జీ భాష నా వల్ల కాదు. కూలీల తరఫున వెళ్లే కాగితంలో తప్పు దొర్లకూడదు. రాయగలిగినవారు ఎవరైనా ఉన్నారా?


సంఘం_అక్క | రాయగడ | గురువారం రాత్రి 9:05

నేను రాస్తాను మాస్టారూ. మా సంఘం తీర్మానాలన్నీ ఒడియాలో రాసేది నేనే. ఆదివారం ఉదయం బస్సుకు వస్తాను. ఆమెను కూడా రమ్మనండి, అర్జీ మీద మొదటి సంతకం ఆమెదే ఉండాలి.


వంశధార_గట్టు | గుణుపురం | గురువారం రాత్రి 9:20

అడిగి వచ్చాను. ఆదివారం పత్తి తీతకు వెళ్లాలి, పదకొండు తరువాత వస్తానంది.